‘కనీ వినీ ఎరుగని’కి వచ్చిన ముప్పు

ప్రపంచంలో ఏ మూల ఉపద్రవం వచ్చినా బాధితులకు మొదట అందేది సాయం కాదు, ఒక మాట. ‘కనీ వినీ ఎరుగని’ అనే మాట. దాని పనితనం చూడండి. కనలేదంటే కళ్ల తప్పు, వినలేదంటే చెవుల తప్పు, ఎరగమంటే ఇక ఎవరి తప్పూ లేదు. కొట్టుకుపోయిన వంతెనకూ, ఎండిపోయిన జలాశయానికీ ఇదొక్కటే సంజాయిషీ. ఒకసారి అనేసి ఫైలు మూసేయవచ్చు. విపత్తు నిర్వహణలో ఇంత చవకైన పనిముట్టు ఇంకోటి లేదు.

ఆ మాటకు ఇప్పుడు ముప్పు వచ్చింది. తెచ్చిపెట్టింది పురావస్తు శాస్త్రవేత్తలు. చేతిలో తాపీ, చిన్న బ్రష్షు, నెత్తిన టోపీ. చూడ్డానికి ఎంత సాధువులో! నాలుగడుగులు తవ్వి, ఒక మట్టి పొర మీద వేలు పెట్టి, “ఇది ఇంతకుముందు కూడా వచ్చిందండీ” అని నెమ్మదిగా అంటారు. అంతే, సంజాయిషీ గంగపాలు. వీళ్లకు తోడు భూగర్భ శాస్త్రవేత్తలు, పాత రాతప్రతులు చదివేవాళ్లు.

జపాన్‌లో జరిగింది తెలిసిందే. 2011 మార్చి 11న ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం మీదికి 14, 15 మీటర్ల అల వచ్చింది. కేంద్రం లెక్కల్లో ఉన్న అల 5.7 మీటర్లు. పెద్దలు వెంటనే ‘సోతేగై’ అన్నారు. మేం అనుకున్న లెక్కకు బయటిది అని దానర్థం, అంటే మన మాటకు దగ్గరి చుట్టమే. వ్యవహారం అక్కడితో సర్దుకుపోవాలి. కానీ 869లోనే ఆ తీరాన్ని పెద్ద సునామీ ముంచిందనీ, వెయ్యిమంది పోయారనీ ఆ కాలపు రాజచరిత్రలో రాసి ఉంది. సరే, పాతకాలం వాళ్లు కాస్త ఎక్కువ చేసి రాస్తారులే అనుకోవచ్చు. అదీ కుదరనివ్వలేదు. కొందరు వెళ్లి సెందాయ్ మైదానంలో తవ్వి, సముద్రం మోసుకొచ్చి పరిచిన ఇసుక పొరను తీరానికి కిలోమీటర్ల దూరంలో పట్టుకున్నారు. 2009లో ఒక శాస్త్రవేత్త ఈ సంగతిని ఆ కేంద్రం భద్రత మీద జరిగిన ప్రభుత్వ సమావేశంలోనే లేవనెత్తాడు. రెండేళ్ల ముందు! మర్యాద తెలిసిన మనిషైతే అల వచ్చి వెళ్లాక చెప్పేవాడు.

అదే దేశంలో అనెయోషి అనే చిన్న ఊరుంది. 1933 సునామీ తర్వాత ఆ ఊళ్లో ఒక రాయి నిలబెట్టారు. ‘ఈ రాయికి దిగువన ఇళ్లు కట్టవద్దు’ అని దాని మీద చెక్కారు. ఆ తీరం పొడవునా ఇలాంటి రాళ్లు వందల్లో ఉన్నాయి. చాలాచోట్ల జనం వాటిని దాటి నిబ్బరంగా కిందికి దిగి కట్టుకున్నారు. అనెయోషి వాళ్లు మాత్రం రాతిని చదివి, పైగా నమ్మారు. 2011 అల ఆ రాయిని చేరకముందే, దిగువన ఆగిపోయింది. పైన ఇళ్లు నిలిచాయి. దీన్ని అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, దాదాపు ఎనభై ఏళ్లపాటు సముద్రానికి దగ్గరి ప్లాట్లన్నీ అలా పడి ఉన్నాయే, ఆ నష్టాన్ని లెక్క కట్టిన నాథుడు లేడు.

ఇండొనేసియాలోని సిమ్యులు దీవి సంగతి ఇంకా అన్యాయం. అక్కడ రాయి కూడా లేదు. 1907లో సునామీ వచ్చింది. బతికినవాళ్లు దాన్ని ‘స్మోంగ్’ అని పిలుచుకుని కథల్లో, జోలపాటల్లో పెట్టారు. భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని పిల్లలకు నూరిపోశారు. 2004లో భూమి ఊగింది, కొండెక్కారు. సుమారు 78,000 మంది ఉన్న దీవిలో చనిపోయింది ఏడుగురని లెక్క. టెండర్ లేదు, కన్సల్టెంట్ లేడు, ప్రారంభోత్సవం లేదు. నాయనమ్మలు ఇలా ఉచితంగా పనిచేస్తూ పోతే మనలాంటి నిపుణులు ఎలా బతకాలి?

వారసత్వం మీద నాకేమీ కోపం లేదు. పద్ధతైన వారసత్వం ఒకటుంది. కోటకు రంగు దీపాలు పెట్టాలి, రాత్రి ఒక షో వేయాలి, దాని ముందు నిలబడి ఫొటో దిగాలి. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనాలి. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. ఈ తవ్వేవాళ్లు ఆగరు. ఆ నెయ్యి ఏ ఏడు అయిపోయింది, ఎందుకు అయిపోయింది అని అడుగుతారు. కంబోడియాలోని పాత రాజధాని అంగ్‌కోర్‌లో అదే చేశారు. లోకమంతా వెళ్లి గుడి గోపురాల వెనక సూర్యోదయం చూసి మురిసిపోతుంటే, వీళ్లు కాలవల్లో దిగి పూడిక కొలిచారు. ఇంకొందరు చెట్ల వలయాలు లెక్కపెట్టారు. 14, 15 శతాబ్దాల్లో ఏళ్ల తరబడి కరువులు, మధ్యలో విరుచుకుపడ్డ వానలు, అంత గొప్ప నీటి వ్యవస్థా ఆ రెంటి మధ్య నలిగిపోవడం, అన్నీ బయటపెట్టారు. సూర్యోదయం చూడ్డానికి పోయినవాడికి ఈ టెన్షన్ అవసరమా?

ఎల్బే నదిలోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకడున్నాడు. చెక్ దేశంలోని ద్యెచీన్ దగ్గర, నీళ్లు బాగా తగ్గితేనే బయటపడే రాయి. ‘నన్ను చూస్తే ఏడువు’ అని జర్మన్‌లో రాసి ఉంటుంది. కరువు రాళ్లంటారు వీటిని. దాని మీద 1616 అనే సంవత్సరం ఉంది. 2018లో కనిపించింది, 2022లో మళ్లీ కనిపించింది. ఎవరూ ఏడవలేదు. ఫొటోలు మాత్రం చాలా బాగా వచ్చాయి.

నన్నడిగితే మనకు అసలైన పూర్వీకులు ఇటలీలోని పాత రోమన్ నగరం పాంపే వాసులు. సామాన్య శకం 62లో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. నగరం వదిలి పోయారా? చాలామంది లేదు. తాపీలు పట్టి మరమ్మతు మొదలుపెట్టారు. ఒక ధనవంతుడి ఇంట్లో ఆ భూకంపాన్నే పాలరాతి శిల్పంగా చెక్కించి పెట్టుకున్నారు. గుడి పక్కకు ఒరుగుతున్నట్టు ఉంటుంది, చాలా అందంగా. 79లో పక్కనున్న వెసూవియస్ కొండ పేలేనాటికి మరమ్మతులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అది అగ్నిపర్వతమని వాళ్లకు తెలియదు పాపం. మనకు అన్నీ తెలుసు, అయినా దాని చుట్టూ ఇవాళ లక్షల మంది ఉంటున్నాం. ఈ విషయంలో పూర్వీకులను దాటేశామనే చెప్పాలి.

ఇక మన వంతు. రేపటివాళ్లకు మనమూ ఏదో చెప్పాలి కదా. 1986లో బ్రిటన్‌లో పది లక్షల మందికి పైగా కలిసి దేశం వివరాలన్నీ లేజర్ డిస్కుల్లోకి ఎక్కించారు. 1086లో తోలు మీద చేత్తో రాసిన భూముల లెక్కల పుస్తకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భమది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు దొరకడమే గగనమైంది. తోలు పుస్తకం మాత్రం ఎవరు తెరిచినా ఇప్పటికీ చదవనిస్తోంది.

అయినా మనం జంకలేదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో అణు వ్యర్థాలు పూడ్చే చోట, 10,000 ఏళ్ల తర్వాతి మనుషులకు ‘ఇక్కడ తవ్వకండి’ అని ఎలా చెప్పాలో ఆలోచించడానికి 1990ల మొదట్లో నిపుణులను కూర్చోబెట్టారు. భాషలు మారిపోతాయి, బొమ్మలకు అర్థాలు మారిపోతాయి, మరి ఏం చెక్కాలి? పెద్ద పెద్ద ముళ్ల స్తంభాలు పాతాలా, భయపెట్టే ముఖాలు చెక్కాలా? తాతలు నిలబెట్టిన రాళ్లను దాటి కిందికి దిగి ఇళ్లు కట్టుకున్న జాతికి, పదివేల ఏళ్ల తర్వాత తన రాయిని ఎవరో చదివి బుద్ధిగా ఆగిపోతారని ఎంత నమ్మకమో! ఫిన్లండ్ వాళ్లు అణు వ్యర్థాల కోసమే లక్ష ఏళ్ల లెక్కతో తవ్విన సొరంగానికి అసలు గుర్తే పెట్టకుండా మరిచిపోతే మేలేమో అనే వాదన కూడా ఉంది. మరిచిపోవడమైతే మనకు బాగా చేతనైన పనే.

న్యూ మెక్సికో కమిటీలో పురావస్తువాళ్లకు కూడా చోటిచ్చారు. సరైన ఎంపిక. ఈజిప్టు పాత సమాధుల్లో కొన్నిటి మీద లోపలికొచ్చినవాడికి శిక్ష తప్పదని రాసి ఉంటుంది. లోపలికి వెళ్లి, ఆ శాపాన్ని జాగ్రత్తగా నకలు రాసుకుని, అనువదించి అచ్చు వేయించింది వీళ్లే. పదివేల ఏళ్ల తర్వాత ఆ ముళ్ల స్తంభాల దగ్గరికి మొదట ఎవరొస్తారో, చేతిలో ఏముంటుందో ఈ కమిటీకి బాగా తెలుసు.