ట్రైపాడ్ లేని రాక్షసుడు

మా మామగారు తెనాలిలో ఇరవై రెండేళ్ళు పెళ్ళి వీడియోలు తీశారు. భుజానికెత్తుకునే పాత వీహెచ్ఎస్ కెమెరా రోజుల నుంచీ అదే పని. ఇప్పటికీ ఆయన కుడిభుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి ఉంటుంది. ఈ సంగతి ముందే గుర్తుండి ఉంటే 2008 జనవరిలో ఆయన్ని 'క్లోవర్‌ఫీల్డ్' సినిమాకి తీసుకెళ్ళేవాణ్ణి కాదు.

అత్తగారూ మామగారూ న్యూజెర్సీకి వచ్చి అప్పటికి నెల. బయట మంచు. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని పక్కింటివాళ్ళు కారు మీద మంచు గీకడం చూస్తూ కాలక్షేపం చేస్తున్నారు. అంతకు ముందు శనివారం మాత్రం పడవెక్కించి లిబర్టీ విగ్రహం చూపించాను. కొత్తగా కొన్న చేతి కెమెరాతో మొత్తం నేనే వీడియో తీశాను. మామగారు అడుగుదామని చెయ్యి చాపారు గానీ, నేనే ఇవ్వలేదు. "మీరు రెస్టు తీసుకోండి మావయ్యగారూ" అన్నాను. విగ్రహం కిరీటం దాకా ఎక్కనివ్వరని, 2001 నుంచి మూసేశారని అక్కడ తెలిసింది. "ఇంత చలిలో ఇంతదూరం తీసుకొచ్చి పీఠం దగ్గరే దండం పెట్టుకోమంటారా?" అని ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

ఆ లోటు తీర్చడానికే సినిమా. అంతకు ముందు జూలైలో 'ట్రాన్స్‌ఫార్మర్స్' చూడబోతే ముందు ఒక ప్రకటన వేశారు. మన్‌హటన్‌లో పార్టీ, ఢమ్మని చప్పుడు, లిబర్టీ తల వచ్చి నడివీధిలో పడడం, చివర జనవరి 18 అని తేదీ. సినిమా పేరు మాత్రం లేదు. మామగారికి చెబితే "బారసాల కాకుండానే అన్నప్రాసనా?" అన్నారు. కానీ న్యూయార్క్ మీద రాక్షసుడు పడే కథ అనగానే సరేనన్నారు.

టికెట్ల కిటికీ దగ్గర ఒక కాగితం అంటించి ఉంది. ఈ సినిమా చూస్తే కొందరికి కళ్ళు తిరగొచ్చు, వికారం రావచ్చు అని దాని సారాంశం. ఆ రోజుల్లో చాలా హాళ్ళలో ఇలాంటివి పెట్టారు. కంగారుపడతారని అత్తగారికి చదివి వినిపించలేదు. నా గురించి అయితే నాకు బెంగే లేదు. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నవాణ్ణి నేను.

సినిమా అంతా కథలో ఒక కుర్రాడి చేతిలో ఉన్న కెమెరాతో తీసినట్టే ఉంటుంది. జపాన్ వెళ్ళిపోతున్న స్నేహితుడికి వీడ్కోలు పార్టీ, దాన్ని తీసే బాధ్యత వీడి నెత్తిన పడుతుంది. మొదటి ఐదు నిమిషాల్లోనే మామగారు ముందుకి వంగారు.

"అల్లుడుగారూ, వీడికి కెమెరా ఎవరిచ్చారు?"

"కథే అది మావయ్యగారూ. వీడికి రాదు."

"రానివాణ్ణి పెట్టుకుని సినిమా తీశారా?"

కాసేపటికి లిబర్టీ తల వచ్చి వీధిలో దొర్లింది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. మా వరుసలో మాత్రం మామగారి గొంతు తృప్తిగా వినిపించింది. "మొన్న మనల్ని పైకి ఎక్కనివ్వలేదు. ఇవాళ తలే కిందికి దిగొచ్చింది." తెరమీద జనం ప్రాణభయం మరిచి సెల్‌ఫోన్లు తీసి ఆ తలకి ఫోటోలు తీసుకుంటున్నారు. "ఇదొక్కటీ సహజంగా ఉంది" అన్నారు.

అక్కణ్ణుంచి పరుగు మొదలైంది. వాళ్ళు పరిగెడితే కెమెరా పరిగెడుతుంది, మెట్లెక్కితే మెట్లెక్కుతుంది, వాడు పడితే మనమూ పడతాం. కళ్ళేమో నువ్వు పరిగెడుతున్నావంటాయి, చెవి లోపల తూకం చూసే యంత్రమేమో కూర్చున్నావు కదా అంటుంది. ఈ ఇద్దరి తగువులో నలిగేది కడుపు. నాకు ఈ శాస్త్రమంతా తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, మా ఆవిడ ఒళ్ళో ఉన్న పెద్ద పాప్‌కార్న్ డబ్బాలోంచి వెన్న వాసన వస్తోందని, అది నాకు అస్సలు పడడం లేదని.

ముందువరుసలో ఒక అమ్మాయి తల మోకాళ్ళ మధ్య పెట్టేసుకుంది. వెనకనుంచి ఎవరో "కెమెరా కదపకుండా పట్టుకోరా బాబూ!" అని ఇంగ్లీషులో అరిచాడు. మామగారు గిరుక్కున వెనక్కి తిరిగి, నెల రోజుల్లో మొదటిసారి ఒక అమెరికావాడితో స్వయంగా మాట్లాడారు: "ఎస్ సార్! నో ట్రైపాడ్!" ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

బ్రూక్లిన్ వంతెన కూలేసరికి నా పని కూడా అయిపోయింది. నాకు ఓకారం వచ్చింది. చీకట్లో చెయ్యి చాపితే దొరికింది ఆ పాప్‌కార్న్ డబ్బాయే. మిగతాది చెప్పను. అత్తగారు మాత్రం కంగారు పడలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి నిమ్మకాయ తీశారు, గోటితో గీరి నా ముక్కు దగ్గర పెట్టారు. తిరుమల ఘాట్ రోడ్డు బస్సులో అలవాటట, నిమ్మకాయ లేకుండా గడప దాటరు. "మీకేం కాలేదా అత్తయ్యగారూ?" అన్నాను నీరసంగా. "నేను మొదట్లోనే కళ్ళు మూసుకున్నాను బాబూ. వింటున్నాను. బాగుంది."

డబ్బా పట్టుకుని బయటికొచ్చాను. అక్కడ బల్ల మీద నలుగురు, ఆఖరి బస్సు తప్పినవాళ్ళలా తలలు పట్టుకుని కూర్చున్నారు. ఒకాయన నాకు చోటిచ్చి "ఎక్కడ?" అని అడిగాడు. "వంతెన" అన్నాను. "నాకు పార్టీలోనే" అన్నాడాయన, సిగ్గుపడుతూ. రాక్షసుణ్ణి చూసి వచ్చినవాడు మాలో ఒక్కడు లేడు. అందరం కెమెరా చేతిలో ఓడిపోయినవాళ్ళమే.

మొహం కడుక్కుని మళ్ళీ లోపలికెళ్ళేసరికి కథ సెంట్రల్ పార్కుకి వచ్చింది. రాక్షసుడు ఆ కెమెరా కుర్రాణ్ణి నోట్లో వేసుకున్నాడు. కెమెరా కింద పడింది, అయినా తిరుగుతూనే ఉంది. మామగారి వైపు చూద్దును కదా, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. "పాపం, చచ్చినా ఆపలేదు అల్లుడుగారూ. మా లైటు కుర్రాడు జనరేటర్ ఆగితేనే పారిపోయేవాడు." గంటసేపు వాణ్ణి తిట్టిన నోటితోనే.

ఆ తర్వాత బాంబులు, కేకలు, ఉన్నట్టుండి ఎప్పటిదో పాత రోజు: ప్రేమికులిద్దరూ కోనీ ఐలండ్‌లో నవ్వుకుంటూ. అంతే, అయిపోయింది. గంటన్నర కూడా కాలేదు. హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. "అంతేనా?" అని ఒకడు, డబ్బులు వెనక్కివ్వాలని ఇంకొకడు. వెనకాయన మామగారి భుజం తట్టి ఏమిటిదని అడిగాడు. ఆయన మా ఆవిణ్ణి దుబాసీగా పెట్టుకుని వివరించారు. "పాత క్యాసెట్ మీద కొత్తది తీశాడు. మధ్యమధ్యలో ఆపినచోటల్లా అడుగునున్నది బయటపడింది. తెనాలిలో ఒకాయన కూతురి పెళ్ళి క్యాసెట్ మీద క్రికెట్ మ్యాచ్ ఎక్కించుకున్నాడు. తలంబ్రాల మధ్యలో శ్రీకాంత్ అవుటయ్యేవాడు." ఆ హాలు మొత్తంలో సినిమా అర్థమైంది మా మామగారొక్కరికే.

చివర పేర్లు పడుతున్నప్పుడు గానీ నేపథ్య సంగీతం రాలేదు. ఆయన అది పూర్తయ్యేదాకా లేవలేదు. "మిక్సింగ్ మర్చిపోయారు, ఆఖర్న గుర్తొచ్చి పాట మొత్తం ఇక్కడే పెట్టారు" అన్నారు. కారెక్కాక ఇంకొక్క అనుమానం: "రాత్రంతా తీశాడు కదా, ఆ బ్యాటరీ ఏ కంపెనీదో కనుక్కోండి."

ఇంటికొచ్చి చారన్నం తిన్నాక నా పరువు నిలబెట్టుకుందామని, లిబర్టీ దగ్గర నేను తీసిన వీడియో టీవీకి తగిలించాను. పడవ ఊగుతోంది, నా చెయ్యి అంతకంటే ఊగుతోంది. నీళ్ళు, మా ఆవిడ మఫ్లరు, ఎవరిదో చెవి, నా బూట్లు. మామగారు ఒక్కమాట అనలేదు. టీవీ మీంచి చూపు తిప్పకుండా, అత్తగారి హ్యాండ్‌బ్యాగ్ వైపు చెయ్యి చాపారు.

చివరికి విగ్రహం వచ్చింది. పీఠం, పాదాలు, పైట మడతలు, ఎడమచేతిలో పలక. అక్కడికి తెర అయిపోయింది. దాని పైన ఎంతసేపు చూసినా ఏమీ లేదు.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చి చూశారు.

"ఏమే, మనం వెళ్ళేటప్పటికే తల పోయిందన్నమాట" అన్నారు మా ఆవిడతో.