టెన్షన్ ముక్క గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ నాలుగంగుళాల శాంపిల్ ముక్క గారికి,

రాజమండ్రి నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. చికాగోలో మా అల్లుడూ క్షేమమే. అతని కోసం మూడు నెలలు కూర్చుని అల్లిన స్వెటర్ కూడా క్షేమంగానే ఉంది. కాకపోతే అది మా పక్కింటి కుర్రాడి ఒంటి మీద ఉంది. ఏడో తరగతిలో ఉండగా ఇచ్చాను, ఇప్పుడు తొమ్మిదికి వచ్చాడు. ధనుర్మాసంలో తెల్లారకుండానే ట్యూషన్‌కి వెళ్తూ మా గేటు దగ్గర సైకిల్ బెల్లు కొట్టి "గుడ్ మార్నింగ్ ఆంటీ" అంటాడు. ఆ బెల్లు మోగినప్పుడల్లా నాకు మీరు గుర్తొస్తారు. అందుకే ఈ ఉత్తరం.

మీరెవరో తెలియని అదృష్టవంతులు ఎవరైనా దీన్ని చదివితే వాళ్ల కోసం మీ పరిచయం. ఊలుతో ఏదైనా అల్లాలంటే ముందు అదే ఊలుతో, అవే సూదులతో ఒక చిన్న చదరం అల్లాలి. దాన్ని ఉతకాలి. ఆరేయాలి. ఆరాక స్కేలు పెట్టి నాలుగంగుళాలకి ఎన్ని కుట్లు పడ్డాయో, ఎన్ని వరసలు వచ్చాయో లెక్కపెట్టాలి. పుస్తకంలో చెప్పిన లెక్కకి ఎక్కువ కుట్లు వస్తే మీ చెయ్యి బిగువు, లావు సూది తీసుకోవాలి. తక్కువ వస్తే చెయ్యి వదులు, సన్న సూది తీసుకోవాలి. తీసుకుని మళ్లీ ఇంకో చదరం అల్లాలి. మళ్లీ ఉతకాలి.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి మనకి ఒక్క మెతుకు చాలు. మీ పద్ధతిలో అయితే ముందు విడిగా ఒక గుప్పెడు బియ్యం వండి, వార్చి, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున్నే మెతుకులు కొలిచి, అప్పుడు గానీ ఎసరు పెట్టకూడదు. ఈలోపు ఇంటికొచ్చిన చుట్టాలు హోటల్‌కి వెళ్లిపోతారు.

అమెరికా పుస్తకాలు మిమ్మల్ని గేజ్ అంటాయి. ఇంగ్లండు పుస్తకాలు టెన్షన్ అంటాయి. ఊలు ఎంత బిగించి అల్లుతున్నామో చెప్పే మాటట అది. ఏమో, నాకు మాత్రం మీకు ఆ పేరు పెట్టినవాడు మన తెలుగువాడే అనిపిస్తుంది.

అల్లుడి స్వెటర్ సంగతికొస్తాను. పెళ్లయిన ఏడాదే అమ్మాయి ఒక అమెరికా డిజైన్ పంపింది. ముందు వైపు తాళ్లు మెలేసినట్టు జడలు, మెడకి చుట్టూ పట్టీ, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. అందులో మొదటి లైనే మీ గురించి. ఎనిమిదో నంబరు సూదులతో, నాలుగంగుళాలకి 18 కుట్లు రావాలి, తప్పకుండా చూసుకోండి అని లావు అక్షరాల్లో రాశారు. ఎనిమిదో నంబరు సూదులు నా దగ్గర ఉన్నాయి. ఖరగ్‌పూర్‌లో కొన్నవి, ముప్ఫయ్యేళ్ల నుంచి నా చేతిలో అరిగినవి. వాటికి మళ్లీ పరీక్షేమిటి? తాళి కట్టిన మొగుడికి పెళ్లిచూపులు పెట్టినట్టు ఉండదూ? మిమ్మల్ని దాటేసి నేరుగా 90 కుట్లు ఎక్కించేశాను.

అక్కడే మీరు లోలోపల నవ్వుకుని ఉంటారు. మన దగ్గర దొరికే సూదులది పాత ఇంగ్లీషు లెక్క. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికావాళ్లది తిరగేసిన లెక్క, నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. మన ఎనిమిది అంటే 4 మిల్లీమీటర్లు. వాళ్ల ఎనిమిది అంటే 5 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు. చీమ నడుమంత. ఆ ఒక్క మిల్లీమీటరుకి నాలుగంగుళాల్లో 18 పడాల్సిన చోట 22 కుట్లు పడ్డాయి. 20 అంగుళాలు రావాల్సిన ముందు ముక్క 16 పైచిలుకు వచ్చింది. వెనక ముక్కా అంతే. 40 అంగుళాల ఛాతీ 33 కూడా లేకుండా పోయింది.

ఇంత లెక్క ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు ఎందుకు కనపడలేదంటారా? కనపడింది. రోజూ కనపడింది. సూది మీద ఉన్న ముక్క ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది కదా, దించితే సాగుతుందిలే అనుకున్నాను. దించాను. సాగలేదు. ఉతికితే సాగుతుందిలే అనుకున్నాను. ఒకరోజు మా ఆయన పేపర్ పక్కన పెట్టి, "ఇది అల్లుడు గారికే కదా?" అని అడిగారు. ఆ అడగడంలోనే జవాబు ఉంది. "సాగుతుంది లెండి" అన్నాను. పొడుగు మాత్రం అంగుళాల్లో కొలుచుకుంటూ వెళ్లాను కాబట్టి ఆరడుగుల మనిషికి సరిపడా వచ్చింది. చేతులు కూడా అంతే. అన్నీ కలిపి కుట్టి మంచం మీద పరిస్తే పొట్లకాయకి రెండు పొట్లకాయలు తగిలించినట్టు ఉంది.

మా ఆయన రైల్వేలో రిటైరయ్యారు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పుస్తకంలో గేజ్ అన్న మాట మీద వేలు పెట్టి, "1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ బండికి మీటర్ గేజ్ పట్టాలు వేశావు కదే" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు మీటర్ గేజ్. అల్లుడికి ఫొటో కూడా పంపలేదు. అడిగితే పోస్టులో ఆలస్యం అవుతోందని చెప్పాను. పోస్టాఫీసుకి నా క్షమాపణలు.

నేనేమీ మూర్ఖురాలిని కాదు. బుద్ధి వచ్చింది. ఆ మరుసటి ఏడు అమ్మాయికి ముందు గుండీలుండే స్వెటర్ మొదలుపెట్టినప్పుడు మిమ్మల్ని శాస్త్రోక్తంగా ఆవాహన చేశాను. సంక్రాంతి రోజులు. వరండాలో ఎండ, చేతిలో కాఫీ, ఒళ్లో మీరు. 28 కుట్లు ఎక్కించి హాయిగా అల్లాను. షాంపూ నీళ్లలో ఉతికాను, టవల్లో చుట్టి నీళ్లు పిండాను, గుండుసూదులు గుచ్చి ఆరేశాను. స్కేలు పెడితే సరిగ్గా 20. పుస్తకంలోనూ 20. ఆ పూట మా ఆయనకి పెసరట్టులో ఉప్మా కూడా పెట్టాను, అంత సంతోషం.

వెనక భాగం మాఘమాసంలో అయిపోయింది. తర్వాత ఇంట్లో పెళ్లిళ్లు, పరీక్షలు, ఆవకాయ. ముందు భాగాలు పట్టుకునేసరికి మే నెల వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రాజమండ్రిలో రోలు కనపడితే కదా పగలడానికి, మనుషులమే పగులుతాం. ఫ్యాను కింద కూర్చున్నా చేతులు చెమట. పైగా మేం ఊలు ఊలు అని పిలుచుకునేదాంట్లో చాలా వరకు గొర్రెకి ఏ సంబంధమూ లేదు, అక్రిలిక్. చెమట చేతికి అది అంటుకుని, సూది మీద జరగనని మొరాయిస్తుంది. జరగకపోతే మనం ఏం చేస్తాం? ఇంకా గట్టిగా లాగుతాం. చేతులకి పౌడరు రాసుకుని మరీ అల్లాను. ఊలంతా పాండ్స్ వాసన. అన్నీ అయ్యాక పక్కపక్కన పెడితే వెనక భాగం సంక్రాంతి, ముందు భాగాలు రోహిణి కార్తె. రెండంగుళాల తేడా. ఒకే చెయ్యి, ఒకే సూది, ఒకే ఊలు.

మరి మీరు 20 అన్నారే? జనవరిలో చెప్పిన మాట మేలో చెల్లదని ఒక్క ముక్క ముందు చెప్పొచ్చు కదా. వాతావరణ శాఖ అయినా రోజుకోసారి మాట మారుస్తుంది.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో నాకు సీధా, ఉల్టా కుట్లు నేర్పిన పంజాబీ ఆవిడకి మీ పేరే తెలియదు. మనిషిని గోడ వైపు తిరగమనేది. జాన వేసి వీపు కొలిచేది, ఒక్క క్షణం పైకి చూసి ఎన్ని కుట్లో చెప్పేది. అవతల వంకాయలవాడితో బేరం ఆడుతూనే ఎక్కించేది. ఆ వాడలో ఆవిడ అల్లిన స్వెటర్ ఒక్కటీ తేడా రాలేదు. అక్కడ తెలుగువాళ్లం బోలెడంత మందిమి, చలికాలం వస్తే అందరం ఆవిడ గుమ్మంలోనే ఉండేవాళ్లం. నేను ఆవిడ దగ్గర కుట్లు నేర్చుకున్నాను గానీ ఆ చూపు నేర్చుకోలేదు.

మా అమ్మమ్మకీ మీరు తెలియరనే అనుకునేదాన్ని. అమ్మమ్మది నర్సాపురం దగ్గర పల్లె, లేసు అల్లేది. కొక్కెం సూది, తెల్ల దారం, అరుగు మీద వెన్ను వంచి సాయంత్రం దాకా పువ్వులు. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, పువ్వులు లెక్కపెట్టి తీసుకుని డబ్బులిచ్చేవాడు. మొదటి పువ్వు అల్లగానే దాన్ని ఏజెంటు ఇచ్చిన మాదిరి పువ్వు మీద పెట్టి, అంచుకి అంచు ఆనించి, వెలుగుకేసి ఎత్తి చూసేది. చిన్నప్పుడు అది ముచ్చట అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, ఆ మాదిరి పువ్వు మీరే. చెయ్యి వదులైతే పువ్వు పెద్దదవుతుంది, తూచి ఇచ్చిన దారం ముందే అయిపోతుంది, లెక్కకి పువ్వులు తగ్గుతాయి, డబ్బులు తెగుతాయి. నా చెయ్యి బిగిస్తే పక్కింటి కుర్రాడికి స్వెటర్ వచ్చింది. ఆవిడ చెయ్యి వదులైతే ఇంట్లో కిరసనాయిలు వచ్చేది కాదు. ఆ నర్సాపురం లేసుకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. అమ్మమ్మ ఉండి ఉంటే, "ట్యాగుకి పువ్వుకెంత ఇస్తారే?" అని అడిగేది.

సరే, నా గోలకి వస్తాను. మీ మీద ఇంకో ఫిర్యాదు ఉంది. పని అయిపోయాక మీరు దేనికి పనికొస్తారు? పారేయబుద్ధి కాదు. డబ్బాలో పదకొండు మంది పోగయ్యారు. ఒకరిని మసిగుడ్డగా వాడదామని మూకుడు దించబోయాను. అక్రిలిక్ కదా, మూల మంటకి తగిలి ముడుచుకుపోయి, నల్ల పూస కట్టి, మూకుడు చెవికి అతుక్కుంది. చాకుతో గీకితే గానీ రాలేదు. ఇంకొకరిని ఇస్త్రీ చేశాను. పాపం, ప్రాణం పోయి అప్పడంలా పడుకున్నారు, మళ్లీ లేవలేదు.

కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట మా ఆయన మఫ్లర్ చివర్న, ఇంకా రెండు వరసలుండగా ఊలు అయిపోయింది. నమ్మండి, ఉండ చివర కొస చేతిలోకి వచ్చి గుండె జారింది. కొట్టుకి పరిగెత్తితే షేడ్ నంబరు అదే, లాట్ వేరు, అంటే ఇంకో విడతలో రంగు వేసిన ఊలు. కొట్టువాడు రెండూ ఒకటే అంటాడు. ట్యూబులైటు కింద ఒకటే. బయట ఎండలో పట్టి చూస్తే ఒకటి బచ్చలిపండు, ఒకటి నేరేడుపండు. ఏడుపొక్కటే తక్కువగా ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే అడుగున మీరు, అదే రంగు, అదే లాట్. కొస పట్టుకుని లాగాను. సర్రున ఒక్కో వరసా విడిపోయి, వంకరలు వంకరలుగా, వేడి నీళ్లు పోయగానే విచ్చుకున్న మ్యాగీలా నా ఒళ్లో పడ్డారు. తడిపి, బరువు కట్టి ఆరేస్తే వంకరలు పోయాయి. రెండు వరసలూ వచ్చాయి. ముగింపు వేశాక జానెడు దారం మిగిలింది కూడా. ఆ మఫ్లర్ ఇప్పటికీ మా ఆయన వాకింగ్‌కి కట్టుకుంటారు. రాజమండ్రిలో మఫ్లర్ ఎందుకని ఎవరైనా అడిగితే మీ పేరు చెప్పరు, నా పేరూ చెప్పరు, మంచు అంటారు.

ప్రస్తుతానికి వస్తే, నాలుగేళ్ల మనవడికి పసుపు స్వెటర్ తలపెట్టాను. 24 అంగుళాల ఛాతీ, నాలుగంగుళాలకి 22 కుట్లు రావాలి. బుద్ధిగా మిమ్మల్ని అల్లాను, ఉతికాను, రెండు రోజులు ఆరనిచ్చాను. నిన్న స్కేలు పెట్టాను. 23. మళ్లీ పెట్టాను. 23. స్కేలు కాస్త వంచి పెట్టాను. ఇరవై రెండున్నర. లావు సూది తీసుకుని మళ్లీ మొదటి నుంచి అల్లాలని నాకు తెలుసు. ఒక్క కుట్టుకి మొత్తం మీద అంగుళం తగ్గుతుందనీ తెలుసు. అయినా పసివాళ్లకి కాస్త ఒంటికి అంటుకుని ఉంటేనే వెచ్చన. పైగా ఉతికితే సాగుతుంది.

రాత్రే 66 కుట్లు ఎక్కించాను. పట్టీ నాలుగు వరసలు అయింది.

ఇట్లు,
మీ విధేయురాలు కాని విధేయురాలు,
రాజమండ్రి.

తా.క.: ఉత్తరం మడతపెడుతుంటే పక్కింటావిడ వచ్చింది. మీటర్ గేజ్ కుర్రాడికి ఛాతీ దగ్గర పట్టడం లేదట. చేతుల మడతలు విప్పేశారు, అవి ఇప్పుడు సరిగ్గా సరిపోయాయట. వచ్చే చలికాలానికి ఇంకొకటి అల్లి పెట్టమంది, ఊలు తనే కొనిస్తానంది. కొలతలకని పాత స్వెటర్ ఇచ్చి వెళ్లింది. రెండేళ్లు ఉతికి, ఆరేసి, తొడుక్కుని మెత్తబడింది. స్కేలు పెట్టి చూశాను. నాలుగంగుళాలకి సరిగ్గా 22 కుట్లు.