బూట్ కాలేదని ఫార్మాట్ కొట్టేయకండి

తిరుపతి హాస్టళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "ఉబుంటు అప్‌గ్రేడ్ చేశాక సిస్టమ్ బూట్ కాకపోతే హార్డ్ డిస్క్ పోయినట్టే. వెనక్కి వెళ్లే దారి లేదు, ఫార్మాట్ ఒక్కటే మార్గం. అసలు అప్‌గ్రేడే చేయకండి." ఇది నమ్మితే ప్రాజెక్టు ఫైళ్లన్నీ గంగలో కలిసినట్టే.

డిస్క్ పోయిందన్నది తప్పు. ఆన్ చేయగానే ఏది లోడ్ చేయాలో అడిగే గ్రబ్ మెనూ కనిపించిందంటే అది డిస్కులోంచే వచ్చింది. ఆ తర్వాత 'కెర్నల్ ప్యానిక్' అని, 'అన్ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్' అని పడితే, చాలాసార్లు కొత్త కెర్నల్‌కి (సిస్టమ్‌ని నడిపే మూల ప్రోగ్రామ్‌కి) బూట్ అయ్యేటప్పుడు కావాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలు తయారు కాలేదని అర్థం. డిస్కుకి ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ తాళం) పెట్టుకున్నవాళ్లకి ఈ ఫైళ్లుండే బూట్ (/boot) ఫోల్డర్ విడిగా చిన్న పార్టిషన్‌గా ఉంటుంది. పాత కెర్నళ్లు పేరుకుపోయి అది నిండితే ఆ ఫైలుకి చోటుండదు.

వెనక్కి వెళ్లలేమన్నదాంట్లో సగం నిజముంది. వెర్షన్‌ని పాతదానికి దించే దారి ఉబుంటు ఇవ్వదు. కానీ ఆ అవసరమే లేదు, పాత కెర్నల్ చాలు. కొత్తది వేసేటప్పుడు ఉబుంటు పాతదాన్ని వెంటనే తీసేయదు. ఆన్ చేశాక కంపెనీ లోగో పోతుండగా ఎస్కేప్ నొక్కండి, పాత బయోస్ మెషీన్లయితే షిఫ్ట్ పట్టుకోండి. మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోకి వెళ్లి, చిన్న నంబరున్న కెర్నల్ మీద ఎంటర్ కొట్టండి. లోపలికి వెళ్లాక టెర్మినల్‌లో డీఎఫ్ (df) కమాండ్‌తో బూట్ ఎంత నిండిందో చూసి, ఆప్ట్ ఆటోరిమూవ్ (apt autoremove) తో అక్కర్లేని కెర్నళ్లు తీసేసి, కొత్త కెర్నల్‌కి ఆ ఫైలు తయారుచేసే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (update-initramfs), ఆపైన మెనూని సరిచేసే అప్‌డేట్-గ్రబ్ (update-grub) నడపండి.

లోగో తర్వాత తెర నల్లగా ఉండిపోతే ముందు గ్రాఫిక్స్ డ్రైవర్‌ని అనుమానించాలి. గ్రబ్‌లో 'ఈ' (e) నొక్కి, లైనక్స్ (linux) అని మొదలయ్యే లైను చివర నోమోడ్‌సెట్ (nomodeset) చేర్చి, ఎఫ్10 కొడితే తరచుగా తెర వచ్చేస్తుంది.

ఇక ఫార్మాట్. మీ ఫైళ్లని చెరిపేది అప్‌గ్రేడ్ కాదు, ఇదీ! ఏ కెర్నలూ లేవకపోయినా లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి హోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, అంతే. గాంధీ రోడ్డులో ఏ షాపులో ఇచ్చినా "ముందు డేటా తీయండన్నా, తర్వాతే ఏదైనా" అని గట్టిగా చెప్పండి.

అప్‌గ్రేడే వద్దంటే ఎలా? ఉబుంటు 20.04 వెర్షన్‌కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 మేలోనే ఆగిపోయాయి. దానితోనే ఫీజులు కట్టడం, బ్యాంకు పనులు చేయడం ప్రమాదం. బ్యాకప్ తీసుకుని, బూట్‌లో ఖాళీ చూసుకుని, ఛార్జర్ పెట్టి నిశ్చింతగా అప్‌గ్రేడ్ చేయండి.