సూట్లు ఎప్పుడేస్తారు సామీ?

మహారాజశ్రీ 2017 పవర్ రేంజర్స్ రీబూట్ సినిమా గారి సముఖమునకు, తిరుపతి కొర్లగుంట నుంచి తమరి పాత అభిమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అక్క కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని తమరి దర్శనం చేసుకున్నాను. రంగురంగుల సూట్లేసుకుని రాక్షసులతో కొట్లాడే మా చిన్నప్పటి టీవీ హీరోలురా అని వారం నుంచి వాడిని ఊరించింది నేనే. వాడిది ఒకటే ప్రశ్న: "మామా, సూట్లు ఎప్పుడేస్తారు?" ఇదిగో నాయనా, ఇప్పుడేస్తారు. వేస్తేగా! తమరి నిడివి 124 నిమిషాలు. సూట్లు కంటబడేది ఆఖర్లో. అప్పటికి వాడు బ్యాటు తీసుకుని కిందికి దిగిపోయాడు. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టినా మధ్యలో పాలో ఉప్మానో ఇస్తారు సార్. తమరు అదీ ఇవ్వలేదు.

ఎందుకింత ఆలస్యమంటే, ఐదుగురు రేంజర్లూ చలిమంట చుట్టూ కూర్చుని కష్టాలు చెప్పుకోవాలట, మనసులు కలవాలట, అప్పుడుగానీ మార్ఫ్ కాలేరట, అంటే సూట్లలోకి మారలేరట. మా మిద్దె మీదా ఐదుగురమే. రెడ్ రేంజర్ ఎవరనేదానికి రోజూ జుట్లు పట్టుకునేవాళ్లం. పింక్ నాకొద్దంటే నాకొద్దని చివరికి ఎదురింటి బుడ్డోడికి అంటగట్టేవాళ్లం. అయినా "ఇట్స్ మార్ఫిన్ టైం" అంటే చాలు, మెడకు తువ్వాలు, నెత్తిన నాన్న హెల్మెట్, మారిపోయేవాళ్లం. ఒకడి కష్టం ఇంకొకడు అడిగిన పాపాన పోలేదు.

అసలు 1993 నాటి ఆ పవర్ రేంజర్స్ సీరియల్ దగ్గర ఏముండింది? ముసుగులేసుకున్నాక వచ్చే ఫైట్లు చాలావరకు 1992 జపాన్ సీరియల్ 'జ్యూరేంజర్' నుంచి తెచ్చి అతికించినవే. రబ్బరు రాక్షసులు, బొమ్మ బిల్డింగులు. అరువు సూట్లే అయినా అరగంటలోపే చూపించి, కొట్టించి, పంపించేవాళ్లు. నీ దగ్గర సుమారు 10 కోట్ల డాలర్లుండె. సొంత సూట్లు. బీరువాలో దాచుకోవడానికా కుట్టించుకున్నావు?

విలన్ రీటా బంగారం కోసం నగల కొట్టు మీద పడింది, సరే. అంత బంగారం కరగబోసి నిలబెట్టిన రాక్షసుడు గోల్డార్‌కి మొహమే లేదు! భూమ్మీద ప్రాణానికి మూలమైన స్ఫటికం డోనట్ల కొట్టు కింద ఉందట. ఆ కొట్టు పేరు నాకిప్పుడు కంఠతా వచ్చు, అంతకంటే ఏం కావాలి ఆ కొట్టోళ్లకి. "గో గో పవర్ రేంజర్స్" పాట మొదలవగానే ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు. పూర్తిగా జలదరించేలోపు ఆపేశావు. బ్లూ రేంజర్ బిల్లీ ఒక్కడూ నచ్చాడు. వాడి కోసమే టీవీ ఆపలేదు.

అంతా అయ్యాక క్లాసులో ఖాళీ డెస్కు, దాని మీద ఆకుపచ్చ జాకెట్ చూపించి, "టామీ ఆలివర్" అని పాత సీరియల్లోని గ్రీన్ రేంజర్ పేరు టీచరుతో పిలిపించావు చూడు, అదీ ఇంకా మంట. రెండో భాగం వస్తుందనే కదా దానర్థం? ఏదీ? ఇటు ఐదుగురు మనుషులున్నారు, సూట్లు రావు. అటు జాకెట్ ఉంది, మనిషి రాడు. మళ్లీ రీబూటని బయలుదేరితే ముందు ఆ పిల్లోడిని పిలుచుకొని రా. ఇంటర్వెల్ లోపల సూట్లు వెయ్. చేతగాదా, మా వీధి ఛాయలకు రావద్దు.

ఇట్లు,
బ్లూతో సరిపెట్టుకున్నవాడు