కంట్రోల్ లేన్‌లో దయచేసిన ప్రొటీన్ ఏ గారికి

కేరాఫ్ స్టెఫిలోకాకస్ ఆరియస్ (సెగ్గడ్డలు లేపే బాక్టీరియా), పై గోడ.

నమస్కారమండి. నిన్న సాయంత్రం పిలవని పేరంటానికి వచ్చి వెళ్ళారు కదా, కనీసం ఒక ఉత్తరం ముక్కయినా రాయకపోతే బాగోదని రాస్తున్నా.

మూడ్రోజుల పనండి అది, మీ బాక్టీరియా ప్రొటీన్లలో మాకు కావాల్సినదాన్ని కుందేలు యాంటీబాడీలతో పట్టి చూసే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష. ప్రొటీన్లని సైజు వారీగా విడదీసే గెల్ పొయ్యడం, అది పగిలితే మళ్ళీ పొయ్యడం, మధ్యలో కరెంటు పోతే జనరేటర్ అబ్బాయి కోసం మెట్ల మీద పరిగెత్తడం, మెంబ్రేన్‌ని పాలపొడి నీళ్ళలో గంట నానబెట్టడం (ఆ డబ్బాలో పాలపొడి ఎవరో టీలో కలిపేసుకుంటున్నారు, వాళ్ళకి వేరే ఉత్తరం రాస్తా), రాత్రంతా చల్లటి గదిలో కుందేలు సీరంలో (యాంటీబాడీలుండే రక్తపు తేట) ఊపడం. అన్నీ అయ్యాక చీకటిగదిలో చూస్తే టీకా వేసిన కుందేలు సీరం పోసిన ముక్క మీద బ్యాండు, నల్లగా కాటుక గీత పెట్టినట్టు. ఆగలేక సార్‌కి ఫోన్ చేసేశా, వచ్చేసింది సార్ అని. ఆయన వచ్చేలోపు రెండో ముక్క చూశా, అదే కుందేలుకి టీకా వెయ్యకముందు తీసిన సీరం పోసింది, పోల్చి చూడ్డానికి పెట్టే కంట్రోల్, ఖాళీగా ఉండాల్సింది. అక్కడా అదే గీత, అదే ఎత్తులో, ఇంకాస్త లావుగా.

సార్ ఒక్క చూపు చూసి "లాడర్ చూశావా అమ్మా?" అన్నారు. లాడర్ అంటే పక్కన వేసే సైజుల కొలబద్ద. మాకు కావాల్సిన ఐఎస్‌డీబీ (మీ పక్కనే అదే గోడ మీదుండి మన రక్తంలోని ఇనుము లాక్కునే ప్రొటీన్) 70 కిలోడాల్టన్లు దాటి ఉండాలి, గీతేమో 50 దగ్గరుంది. అంటే మీరేనండి.

మిమ్మల్ని తీసేసిన మ్యుటెంట్ బాక్టీరియానే వాడాననుకున్నా. మైనస్ 80 ఫ్రీజర్లో మంచుకి వయల్ మీద రాత చెరిగి, ఏదో గీత పడితే దాన్ని మైనస్, అంటే మీరు లేరు, అని చదువుకున్నా. సరే, ఆ తప్పు నాది. కానీ మీరు చేసే పని మాత్రం ఏం పనండీ?

యాంటీబాడీ అంటే మా వైపు మండపీత అనుకోండి. ముందు రెండు డెక్కలు, వాటితో సూక్ష్మజీవిని పట్టుకుంటుంది, తోక వైపు చూసి తెల్లకణాలు వచ్చి మింగేస్తాయి. కొరంగి మడల్లో పీతలు పట్టే కుర్రాడు డెక్కల వైపు చెయ్యి పెడతాడా? వెనకనుంచి ఒడుపుగా పడతాడు. మీరూ అంతే, తోక పట్టేసుకుని డెక్కలు గాల్లో ఆడేట్టు వేలాడదీస్తారు, పైగా మీకు చేతులు అయిదు. ఆ పీత ఎవరి కోసం వచ్చిందో, ఏ రోగం మీద తయారైందో మీకనవసరం, దొరికిందల్లా ఒంటికి తగిలించుకుని మా పోలీసు చొక్కా వేసుకున్న దొంగలా తిరుగుతారు. కంట్రోల్ లేన్‌లో జరిగింది కూడా అదే.

ఇంతవరకూ మర్యాదగా రాశా. ఇప్పుడు మా నాన్న వీపు సంగతి.

రోహిణీ కార్తె వస్తే చాలు, మా నాన్నకి సెగ్గడ్డ. షుగరు మనిషి. అమ్మేమో రసాల మీద పడుతుంది, పళ్ళు మానమంటే మానడు, వేడి చేసింది అని. పాపం మామిడిపళ్ళు ఏం చేశాయి. పోయినేడు నిమ్మకాయంత లేచింది, ఆర్ఎంపీ గారు కోసి చీము తీస్తే పది రోజులు కొబ్బరితోటలో నులకమంచం మీద బోర్లా పడుకుని, చొక్కా వేసుకోలేక, ఈగలు వాలకుండా అమ్మ తువ్వాలు విసురుతుంటే, నన్నడిగాడు: "ఆటలమ్మ చిన్నప్పుడు ఒక్కసారి పోసింది, మళ్ళీ రాలేదు. ఇదేంటమ్మాయ్ ఏటేటా వత్తాది?"

దానికి సమాధానం నువ్వేరా. శత్రువు మొహం గుర్తు పెట్టుకోవాల్సిన బి కణాలని కూడా వదలవు, అనవసరంగా రెచ్చగొట్టి పనికిరాని యాంటీబాడీలు చేయించి చివరికి చంపేస్తావు. ఇక ఒంటికి గుర్తేం ఉంటుంది? గడ్డ తగ్గుతుంది, మళ్ళీ ఏడు నువ్వు కొత్త అల్లుడిలా వస్తావు. మనుషుల్లో ముగ్గురిలో ఒకరి ముక్కులో మీ వాళ్ళు కాపురం ఉంటారు, అద్దె కూడా ఇవ్వకుండా.

టీకా ఏదంటే, ఏం చెప్పమంటావ్. నీ పక్కింటి ఇనుము దొంగ ఐఎస్‌డీబీ మీద మెర్క్ వాళ్ళు వి710 అని చేసి గుండె ఆపరేషన్ల వాళ్ళకి వేసి చూసి 2011లో ఆపేశారు, వేయించుకుని కూడా మీ వాత పడ్డవాళ్ళలో చావులు ఇంకా ఎక్కువ కనిపించాయి. ఫైజర్ వాళ్ళు నాలుగు సరుకులు కలిపి వెన్నెముక ఆపరేషన్ల వాళ్ళకి వేశారు, 2018లో అదీ లాభం లేదని మూసేశారు. అన్నిటికీ నువ్వొక్కడివే కారణం అననులే, కానీ నీ హస్తం లేదంటే మాత్రం నమ్మను. అయిదున్నాయిగా.

సిగ్గుచేటు ఏంటంటే, ఇదే వారం నిన్ను కొనడానికి ఇండెంట్ మీద నేనే సంతకం పెట్టా. ఆ తోక పట్టే ఒడుపు కోసమే నిన్ను పూసలకి అతికించి చిన్న సీసాల్లో అమ్ముతారు, సీరం పోస్తే యాంటీబాడీలన్నీ నీ దగ్గర ఆగిపోతాయి, మిగతా చెత్త కిందికి పోతుంది. యాంటీబాడీ మందులు చేసే పెద్ద ఫ్యాక్టరీలు కూడా నీ మీదే బతుకుతున్నాయి. పని మాత్రం శుభ్రంగా చేస్తావురా, ఆ మాట ఒప్పుకుంటా. ఒంట్లో తప్ప.

అయితే ఒకటి విను. కోడి యాంటీబాడీ దగ్గర నీ పట్టు పనిచెయ్యదు. పీత అనుకుని పట్టబోతే జారిపోతుంది. గోదావరి జిల్లాలో పుట్టి, సంక్రాంతికి కోడి తప్ప ఇంకో మాట వినపడని ఊళ్ళో పెరిగి, తణుకు అనపర్తి గుడ్లు తిని, నాకీ సంగతి ఇంత ఆలస్యంగా తట్టిందా అని నిన్న రాత్రి తల కొట్టుకున్నా. ఇక కుందేలు సీరానికి బదులు టీకా వేసిన కోడి గుడ్ల పచ్చసొనలోంచి యాంటీబాడీ తీస్తాం. సార్ ఒప్పుకున్నారు. పొద్దున్నే కోళ్ళు కావాలని కాగితం అకౌంట్స్ సెక్షన్‌కి పంపాం.

మధ్యాహ్నానికి వెనక్కొచ్చింది. కోళ్ళు గుడ్లు పెట్టేవా, పందేనివా స్పష్టంగా రాయమన్నారు.

ఇట్లు,
సోమవారం మళ్ళీ గెల్ పొయ్యబోయే మనిషి