చెంచాడు సిరప్ అంటే ఇరవై పఫ్‌లు

“ఇన్‌హేలర్ పెడితే పిల్లాడు జన్మంతా దానికి బానిసే. అది స్టెరాయిడ్, ఎత్తు పెరగడు. సిరప్ పట్టించి, రోజూ ఆర్కే బీచ్ గాలి పీల్పిస్తే పన్నెండేళ్లకి ఉబ్బసం దానంతటదే పోతుంది.” విశాఖలో చలి మొదలైతే చాలు, ఈ మెసేజ్ వాట్సాప్ గ్రూపులు చుట్టేస్తుంది.

ముందు సిరప్ సంగతి. ఊపిరి గొట్టాల్ని వదులు చేసే మందు సాల్బుటమాల్ (ఇది స్టెరాయిడ్ కాదు). దాని మామూలు సిరప్ 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇన్‌హేలర్ పఫ్‌లో, అంటే ఒక్కసారి నొక్కితే వచ్చే మందులో, ఉండేది 100 మైక్రోగ్రాములే. ఇరవై పఫ్‌ల మందు కడుపులోంచి రక్తంలోకి వెళ్లి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరేసరికి అరగంట. ఈలోగా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పఫ్ అయిదు నిమిషాల్లో పని మొదలెడుతుంది.

స్టెరాయిడ్ లెక్కా అంతే. నివారణ మందుగా బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ రోజుకి 200 మైక్రోగ్రాములు పీల్చినా ఏడాదికి 73 మిల్లీగ్రాములు. భయపడి మానేశాక ఆయాసం ముదిరితే, 20 కిలోల పిల్లాడికి మింగే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులకే 100. (బుడెసొనైడ్ ఘాటైన మందే, కానీ రక్తంలో కలిసేది కొద్దిగానే.) ఎత్తు భయం పూర్తిగా అబద్ధం కాదు. మొదటి ఒకటి రెండేళ్లలో సుమారు ఒక సెంటీమీటరు తగ్గొచ్చు. ఆ తేడా ఏటేటా పెరుగుతూ పోదు.

బానిసత్వమా? ఆయాసం మూడు నెలలు అదుపులో ఉంటే డాక్టర్లే మోతాదు తగ్గిస్తారు.

“వాడాం, పనిచెయ్యలేదు” అనేవాళ్లలో చాలామందిది వాడే తీరులో పొరపాటు. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి బిగించే ప్లాస్టిక్ గొట్టం) లేకుండా కొడితే మందు నాలుకకీ గొంతుకీ అంటుకుంటుంది. డబ్బా బాగా ఊపి, స్పేసర్‌కి బిగించి, మాస్క్‌ని ముక్కూ నోరూ కప్పేలా సందు లేకుండా ఆనించాలి. ఒక్క పఫ్ కొట్టి, 5–6 ఊపిర్లు తియ్యనివ్వాలి. రెండోది కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి కొట్టాలి. రెండూ ఒకేసారి కొడితే మందు వృథా. స్పేసర్‌ని సబ్బునీళ్లలో ముంచి, తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడలకే లాగేసుకుంటుంది. స్టెరాయిడ్ పఫ్ తర్వాత నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది.

బీచ్ గాలి మందు కాదు. సముద్రపు తేమకి పరుపుల్లో డస్ట్ మైట్లు (కంటికి కనిపించని దుమ్ము పురుగులు), గోడల మీద బూజు పెరుగుతాయి. పోర్టు వైపు ఉండేవాళ్లకి బొగ్గు దుమ్ము అదనం. తలుపులు మూసి దోమల చుట్టా, సాంబ్రాణీ వెలిగించే ఇంట్లో పొద్దుటి నడక ఏం చేస్తుంది?

పన్నెండేళ్ల మాటకొస్తే, జలుబు చేసినప్పుడే పిల్లికూతలొచ్చే చిన్నపిల్లల్లో చాలామందికి ఆరేళ్లలోపే తగ్గుతుంది. ఎగ్జిమా (దురదపెట్టే చర్మ సమస్య), అలర్జీ ఉన్నవాళ్లకి ఆ భరోసా లేదు. ఎదురుచూసే ఏళ్లలో వచ్చే ఆయాసానికి మందు కావాల్సిందే.

డొక్కలు లోపలికి లాగేస్తున్నా, మాట పూర్తిచెయ్యలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, నీలం రంగు సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ని స్పేసర్‌తో ఇస్తూనే 108కి ఫోన్ చెయ్యండి. పిల్లికూతలు ఆగి పిల్లాడు మగతగా పడిపోతే తగ్గిందనుకోకండి, కూత పెట్టేంత గాలి కూడా ఆడట్లేదన్నమాట.