సవరణ: మెడికేర్ ప్లాన్లకు రాష్ట్ర లైసెన్సు ఒక్కటే చాలదు

అమెరికాలో రాష్ట్ర హెల్త్ ఇన్సూరెన్స్ లైసెన్సు ఉంటే పెద్దవాళ్లకు ఏ మెడికేర్ (65 ఏళ్లు దాటినవారికి ప్రధానంగా ఉండే ఫెడరల్ ఆరోగ్య బీమా) ప్లానైనా అమ్మొచ్చని గత పోస్టులో రాశాను. అది మెడిగ్యాప్ పాలసీలకే (మెడికేర్ భరించని ఖర్చులకు తోడుగా తీసుకునేవి) సరిపోతుంది, అదీ ఆ పాలసీ ఇచ్చే బీమా కంపెనీ ఏజెంటుగా నియమిస్తేనే.

మెడికేర్ అడ్వాంటేజ్ (మెడికేర్ సేవలను ప్రైవేటు కంపెనీ ద్వారా ఇచ్చేవి), పార్ట్ డి మందుల ప్లాన్ల దారి వేరు. వాటిని అమ్మాలంటే లైసెన్సుతో పాటు ఏజెంటు ఏటా శిక్షణ తీసుకుని పరీక్ష పాసవ్వాలి. ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం 85 శాతం రావాలి. చాలా కంపెనీలు అడిగే ఎహిప్ (AHIP, ఆరోగ్య బీమా కంపెనీల సంఘం) పరీక్షలో అయితే 90 శాతం, అదీ మూడు ప్రయత్నాల్లోపే. ఆపైన ప్రతి కంపెనీ తన ప్లాన్ల మీద విడిగా శిక్షణ ఇస్తుంది. కొత్త ఏజెంట్లకు అసలు టెన్షన్ ఇక్కడే. అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు సాగే నమోదు సీజన్‌కు ముందే ఇవన్నీ పూర్తవ్వాలి.

ఇంకొకటి, ఏజెంటు లైసెన్సు ప్లాన్ కొనేవారు నివసించే రాష్ట్రానిది కావాలి. న్యూజెర్సీ ఏజెంటు టెక్సాస్‌లోని మన తెలుగు పెద్దాయనకు ప్లాన్ అమ్మాలంటే టెక్సాస్ నాన్‌రెసిడెంట్ లైసెన్సు తీసుకోవాల్సిందే. ఫోన్లో తెలుగులో మాట్లాడుతున్నారన్న భరోసాతో సంతకం పెట్టకండి, ముందు ఆ లైసెన్సు నంబరు అడగండి.